హీరో లేని పెళ్ళి

న్యూజెర్సీలో మేముండే ఊళ్ళో పాతకాలపు సినిమా హాలు ఒకటి ఇంకా బతికే ఉంది. రెండే తెరలు. ఏ మల్టీప్లెక్స్ కంపెనీ చేతిలోనూ లేదు. నెలకొక గురువారం రాత్రి అక్కడ ఫ్రెంచ్ సినిమా వేస్తారు. ఈమధ్య వేసింది 2017 నాటి 'ల సాన్స్ ద లా ఫెట్'. అమెరికాలో 'సె లా వీ' అన్న పేరుతో విడుదలైంది. ఒక పెళ్ళి, ఒక రాత్రి, ఆ పెళ్ళి నడిపించే పనివాళ్ళు, అంతే కథ. తీసినవాళ్ళు ఎరిక్ తొలెదానో, ఒలివియే నకాష్. నాగార్జున, కార్తీల 'ఊపిరి'కి మూలమైన 'ద ఇన్‌టచబుల్స్' తీసిన జంట వీళ్ళే.

మా ఆవిడ వసుధ ఆ హాలుకు మెంబరు. వాళ్ళ బాబాయ్ విజయవాడ గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల్లో పనిచేసి రిటైరైన మనిషి. కుర్రతనంలో రెప్రజెంటేటివ్‌గా ఫిల్ము డబ్బాలతో బస్సెక్కి గుడివాడ, ఏలూరు, తణుకు తిరిగాడు. బుకింగ్ పక్కన స్టూలు వేసుకుని ఆటాటకీ కలెక్షన్ రాసుకున్నాడు. చుట్టపుచూపుగా మా ఇంటికొచ్చి ఉన్నాడు. ఇంట్లో అందరికీ ఆయన బాబాయే. ముగ్గురం కలిసి చూశాం. ఇంటికొచ్చి పెరుగన్నం తింటూ వాళ్ళిద్దరూ వేసుకున్న వాదన ఇది. అప్పుడు నేను నోరెత్తలేదు. రాస్తున్నప్పుడు మాత్రం అక్కడక్కడా ఊరుకోలేకపోయాను.

బాబాయ్: ముందొక మాట చెప్పు అమ్మలూ. ఆ సినిమాలో హీరో ఎవడు?

వసుధ: ఎవడూ కాదు బాబాయ్.

బాబాయ్: అదీ సంగతి. నా సర్వీసంతా వెతికినా హీరో లేని సినిమాకు అడ్వాన్సు ఇచ్చిన బయ్యరు ఒక్కడు కనబడడు. పోస్టరు మీద పది మొహాలు కిక్కిరిసి ఉంటే, రోడ్డు మీద పోయేవాడు ఎవర్ని చూసి ఆగుతాడు?

వసుధ: మాక్స్ ఉన్నాడుగా. పెళ్ళి కాంట్రాక్టు తీసుకున్నాయన. మొదటి సీను నుంచి చివరిదాకా ఉంటాడు.

బాబాయ్: ఉన్నాడు. ఉండి ఏం చేశాడు? ఫోన్లో మెసేజి కొడితే ఆ ఫోనే మాటలు మార్చి పంపేస్తుంది. ఇటు సర్దితే అటు చెడుతుంది. మనవాళ్ళయితే ఆ పాత్రకు సుత్తివేలుని పెట్టి రెండు సీన్లు రాసి పంపేసేవాళ్ళు. వీళ్ళు సినిమా మొత్తం ఇచ్చేశారు.

వసుధ: ఆయన్ని సుత్తివేలుతో పోల్చావంటే నాకు అంతకంటే ఏం కావాలి! ఆయన జాఁ-పియెర్ బక్రీ. విసుగును అంత ముచ్చటగా నటించిన మనిషి నాకు తెలిసి ఫ్రెంచ్ సినిమాలో ఇంకొకడు లేడు. నటుడే కాదు, రచయిత కూడా. ఆగ్నెస్ జావుయీ, ఆయనా కలిసి రాసేవాళ్ళు. 'అన్ ఎర్ ద ఫామీయ్' అని వాళ్ళ నాటకం ఒకటుంది. 1996లో సెడ్రిక్ క్లపీష్ దాన్ని సినిమాగా తీశాడు. ఒక కుటుంబం, ఒక కెఫే, ఒక సాయంత్రం. అందులోనూ హీరో లేడు. జావుయీ డైరెక్ట్ చేసిన 'ల గూ దెజోత్ర్' 2000లో వచ్చింది. ఆస్కార్‌లో విదేశీ చిత్రాల నామినేషన్ దాకా వెళ్ళింది. అందులోనూ లేడు. వాళ్ళకదో సంప్రదాయం బాబాయ్.

బాబాయ్: సంప్రదాయమంటే సరిపోతుందా? పెళ్ళికొడుకు ఉన్నాడు, వాడు హీరో కాదు. పెళ్ళికూతురు ఉంది, ఆవిడ కథ అసలు తెలీదు. పాడేవాడొకడు, ఫొటోలు తీసేవాడొకడు, వడ్డించేవాళ్ళు ఓ ఇరవైమంది. సగం సినిమా అయ్యేదాకా ఎవరు ఎవరో పోల్చుకోవడంతోనే సరిపోయింది నాకు.

వసుధ: నువ్వు మొదటిసారి వెళ్ళిన ఏ పెళ్ళిలోనైనా అంతేగా?

(ఇక్కడ బాబాయ్ ఆవకాయ ముక్క కొరికి సమాధానం దాటేశాడు. చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. పారిస్ బయట 17వ శతాబ్దపు కోట లాంటి బంగళా. పెళ్ళికొడుకు పియెర్‌కు తనమీద తనకు అపారమైన గౌరవం. అంతా హుందాగా, సింపుల్‌గా ఉండాలంటాడు. ఉండాలంటూనే వడ్డించేవాళ్ళకు రాజుల కాలం నాటి కోట్లు, పౌడరు విగ్గులు తొడిగిస్తాడు. రావాల్సిన సంగీతం మనిషి రాక, జేమ్స్ అనే గాయకుడు వస్తాడు. వీడికి హుందాతనం ఒంటికి పడదు. మాక్స్ కింద పనిచేసే అదేల్‌కూ వీడికీ క్షణం పడదు. ఫొటోగ్రాఫర్ గీ పాతకాలం మనిషి, అతిథుల చేతుల్లో ఫోన్లు చూస్తే మండిపడతాడు. ఫొటోల కన్నా ప్లేట్ల మీదే ధ్యాస. మాక్స్ బావమరిది జూలియన్ ఒకప్పుడు ఫ్రెంచ్ పంతులు, దిగులు మనిషి. పెళ్ళికూతురు తన పాత స్నేహితురాలని అక్కడికొచ్చాకే తెలుస్తుంది. ఇక సామీ అనే కుర్రాడు, ఆఖరి నిమిషంలో మనిషి తక్కువై తెచ్చుకున్నవాడు, వడ్డన సంగతి ఏమీ తెలియనివాడు. వీళ్ళందరి చేతుల మీదుగా ఒక పెళ్ళి జరగాలి.)

బాబాయ్: జంధ్యాల 'అహ నా పెళ్ళంట'లో ఎంతమంది ఉన్నారు? అంతా ఉన్నారు. అయినా రాజేంద్రప్రసాద్ ఉన్నాడు. వాడి ప్రేమ గట్టెక్కుతుందా లేదా అని మనకో దారం ఉంటుంది. ఆ దారం పట్టుకుని మిగతా నవ్వులన్నీ వస్తాయి.

వసుధ: 1987 సినిమా అది. ఇప్పుడు ఎవర్నైనా అడుగు, ఏం గుర్తుందో. కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ అన్నం తినడం గుర్తుంటుంది. బ్రహ్మానందం అరగుండు గుర్తుంటుంది. హీరో ప్రేమ ఎలా గట్టెక్కిందో నీకు గుర్తుందా, నిజం చెప్పు?

బాబాయ్: గుర్తు లేకపోయినా, టికెట్టు కొన్నది దానికోసమే.

వసుధ: సరే, దాన్ని వదిలెయ్. 'కన్యాశుల్కం'లో హీరో ఎవరు? గిరీశమా? అతన్ని చివర్లో ఏం చేశాడో గురజాడ, నీకు తెలీదా? మధురవాణి, రామప్పంతులు, లుబ్ధావధాన్లు, కరటకశాస్త్రి, అగ్నిహోత్రావధాన్లు. ఎవడి పాటికి వాడు తన గొడవలో ఉంటాడు. ఆ గొడవలన్నీ ఒకదానికొకటి తగులుకుని నాటకమైంది. 1892లోనే విజయనగరంలో వేశారు. హీరో లేని హాస్యం మనకు కొత్తేం కాదు. సినిమా వచ్చాక మర్చిపోయాం.

బాబాయ్: నాటకం వేరు. నాటకానికి రాజావారుంటారు ఖర్చు పెట్టడానికి. సినిమాకు బయ్యరు, ఎగ్జిబిటరు ఉంటారు, వాళ్ళింట్లో పొయ్యి వెలగాలి.

(గాంధీనగర్ మనిషి దగ్గర ప్రతి కళా చర్చా చివరికి పొయ్యి దగ్గరికే వస్తుంది. అది తప్పని నేననను.)

బాబాయ్: పైగా ఆ కింద వచ్చే అక్షరాలు. నేను చదివేలోగా వాడు మాట మార్చేస్తాడు. నవ్వుకు టైమింగ్ ముఖ్యమని మీరే అంటారు. చదువుకుని నవ్వే నవ్వుకు టైమింగేమిటి?

వసుధ: మన ముందు వరసలో ఒక పెద్దాయనా, ఆవిడా కూర్చున్నారు చూశావా? ఫ్రెంచ్ వచ్చినవాళ్ళు. మనం అక్షరాలు చూసి ముందే నవ్వేశాం, వాళ్ళు నటుడి నోట మాట పడ్డాక నవ్వారు. వాళ్ళ నవ్వు విని మనకు మళ్ళీ వచ్చింది. ఇంట్లో సోఫాలో కూర్చుని చూస్తే ఆ రెండో నవ్వు లేదు.

బాబాయ్: ఆ పెద్దాయన ఎందుకు నవ్వాడో కూడా నాకు తెలీలేదు కొన్నిచోట్ల.

వసుధ: నాకూ తెలీలేదు. అయినా నవ్వాను. బెలూన్ సీన్లో మాత్రం చదవడానికేమీ లేదుగా?

బాబాయ్: దాని సంగతి వేరు.

(బెలూన్ సీను గురించి నేను సాక్ష్యం చెప్పగలను. పెళ్ళికొడుకు తన భార్యకు కానుకగా రాత్రిపూట తోటలో పెద్ద తెల్ల బెలూనుకు వేలాడుతూ, గాల్లో తేలే విన్యాసం ఏర్పాటు చేసుకుంటాడు. కింద తాళ్ళు పట్టుకునేది వడ్డించేవాళ్ళు. కాసేపటికి ఆ తాళ్ళు ఎవరి చేతుల్లోనూ ఉండవు. అంతసేపు తననెవరూ తగినంత మెచ్చుకోవడం లేదని బాధపడుతున్న మనిషి, ఇప్పుడు అందరి చూపూ తనమీదే ఉండగా చీకట్లోకి తేలుకుంటూ పోతుంటాడు. పక్క సీట్లో బాబాయ్ రెండు చేతులూ తొడల మీద చరుచుకుంటూ నవ్వాడు. పాప్‌కార్న్ డబ్బా కింద పడింది. పడిన సంగతి లైట్లు వెలిగేదాకా ఆయనకు తెలీదు.)

బాబాయ్: ఆ హాలు సంగతి చెప్పు నాకు. నేను తలలు లెక్కపెట్టాను, అలవాటు చొప్పున. మూడో వంతు నిండలేదు. టికెట్టు చింపినావిడే పాప్‌కార్న్ పోసింది. ఆవిడే మళ్ళీ మైకు పట్టుకుని తెర ముందుకొచ్చి సినిమా గురించి మాట్లాడింది. మా రోజుల్లో ఈ పన్లన్నిటికీ బుకింగ్ క్లర్కు, గేటు మనిషి, క్యాంటీను కాంట్రాక్టరు, ఆపరేటరు, అసిస్టెంటు ఆపరేటరు, సైకిల్ స్టాండు వాడు, మేనేజరు ఉండేవాళ్ళు. ఇదెలా గిడుతుంది?

వసుధ: గిట్టదు. గిట్టాలని పెట్టింది కాదు. ఇలాంటివి చాలామటుకు ఇక్కడ లాభాపేక్ష లేని సంస్థలు. మనలాంటి మెంబర్ల చందా, ఊళ్ళోవాళ్ళ విరాళాలు, దానికి తోడు టికెట్లు. ప్రిన్స్‌టన్‌లో గార్డెన్ థియేటర్ చూశావు కదా, యూనివర్సిటీ ఎదురుగా? 1920లో కట్టింది. అదీ ఇప్పుడు ఇదే పద్ధతిలో నడుస్తోంది. రీళ్ళు పోయి డిజిటల్ ప్రొజెక్టర్లు పెట్టుకోక తప్పనప్పుడు ఇలాంటి చిన్న హాళ్ళు చాలాచోట్ల జనం దగ్గర డబ్బు పోగుచేసి కొనుక్కున్నాయి.

బాబాయ్: మాకు క్యూబ్, యూఎఫ్‌ఓ కంపెనీల వాళ్ళొచ్చి డిజిటల్ మిషన్లు బిగించి పోయారు. జనాన్ని ఎవరూ అడగలేదు. ఎవరైనా అడిగితే జనం ఇచ్చేవాళ్ళా అన్నది వేరే సంగతి. అడగలేదు, అంతే. తర్వాత హాళ్ళు ఒక్కొక్కటీ ఫంక్షన్ హాళ్ళయ్యాయి. నేను డబ్బాలు దింపిన థియేటర్లలో ఇప్పుడు మండపం వేసి తలంబ్రాలు పోస్తున్నారు.

వసుధ: మన థియేటర్లు పెళ్ళి హాళ్ళయ్యాయి. ఇక్కడేమో పెళ్ళే థియేటర్లోకి వచ్చింది.

బాబాయ్: నవ్వకు. నా కడుపు మండుతోంది.

వసుధ: ఇంకొంచెం మండిస్తాను, విను. పారిస్‌లో లూక్సోర్ అని ఒక హాలుంది. ఈజిప్టు గుళ్ళ పద్ధతిలో 1921లో కట్టారు. 1983లో సినిమాలు ఆపేసి నైట్‌క్లబ్బు చేశారు, అదీ మూతపడింది. 2003లో పారిస్ నగరపాలక సంస్థ ఆ భవనం కొంది. బాగుచేయించి 2013లో మళ్ళీ సినిమా హాలుగానే తెరిచింది.

బాబాయ్: మునిసిపాలిటీ సినిమా హాలు కొందా?

వసుధ: కొంది.

బాబాయ్: 1921 అన్నావు. బెజవాడ మారుతీ టాకీస్ కూడా ఆ ఏడాదిదే తెలుసా? ఆంధ్రదేశంలో మొదటి సినిమా హాలు అంటారు దాన్ని. పోతిన శ్రీనివాసరావు గారు కట్టించారు. దాన్ని కొని నిలబెట్టాలని మా కార్పొరేషన్‌లో ఎవరికైనా తట్టిందా?

(కాసేపు వాదన లేదు. వసుధ ఆయన కంచంలో ఇంకాస్త పెరుగు వేసింది.)

బాబాయ్: అయినా వాళ్ళకు అంత డబ్బెక్కడిది, ఇలాంటి సినిమాలు తియ్యడానికీ, ఇలాంటి హాళ్ళు నిలబెట్టడానికీ?

వసుధ: టికెట్లోంచే. ఫ్రాన్స్‌లో అమ్మే ప్రతి సినిమా టికెట్టు మీదా 10.72 శాతం పన్ను ఉంటుంది. అది సర్కారు ఖజానాలోకి పోకుండా సినిమాకే తిరిగి వెళ్తుంది. సీఎన్‌సీ అని 1946లో పెట్టిన సంస్థ ఉంది, ఆ డబ్బు దాని చేతికొస్తుంది. నిర్మాతలకు కొంత, హాళ్ళకు కొంత. అమెరికా నుంచి వచ్చే సూపర్‌మేన్ సినిమా టికెట్టు మీద కూడా అదే కోత. అంటే హాలీవుడ్డు వాడి సినిమా ఆడినకొద్దీ, పక్క వీధిలో చిన్న ఫ్రెంచ్ సినిమాకు కాస్త అండ దొరుకుతుంది.

బాబాయ్: ఇది బాగుంది. ఇది నాకు మీ సినిమా కన్నా నచ్చింది. మన దగ్గరా వినోదపు పన్ను ఉండేది, దశాబ్దాల తరబడి. టికెట్టు వెనక ముద్రేయించి పువ్వుల్లో పెట్టి కట్టాం. సినిమావాడికి ఎంత తిరిగొచ్చిందో మాత్రం అడక్కు.

వసుధ: అయితే సినిమా నచ్చలేదంటావు.

బాబాయ్: నచ్చలేదనలేదు. నవ్వాను, కాదనను. కానీ నాకు ఒకచోట ముల్లు గుచ్చుకుంది. ఆ నోట్‌బుక్కు మనిషి సంగతి.

వసుధ: లేబర్ ఇన్‌స్పెక్టర్ అని అనుమానపడతారు, అతనా?

బాబాయ్: అతనే. మాక్స్‌కు భయమెందుకు? కుర్రాళ్ళలో కొందరిని లెక్కల్లో చూపించకుండా పనిలో పెట్టుకున్నాడు. కాగితం మీద లేరు. కాబట్టి అతిథుల్లో ఎవడో నోట్‌బుక్కులో రాసుకుంటుంటే ఈయనకు చెమటలు. మనమంతా ఏం చేశాం? ఆ ఇన్‌స్పెక్టర్ పట్టుకోకూడదని మాక్స్ పక్షాన కూర్చున్నాం. ఎందుకమ్మా? ఆ కుర్రాళ్ళ జీతం గురించి కదా ఇన్‌స్పెక్టర్ వచ్చేది? యజమాని దొరక్కుండా బయటపడితే మనం ఊపిరి పీల్చుకోవడమేమిటి?

వసుధ: మాక్స్ చెడ్డవాడు కాదు బాబాయ్. వాళ్ళతో కలిసి పరిగెత్తేవాడు, వాళ్ళకంటే ఎక్కువ కష్టపడేవాడు.

బాబాయ్: మా ఓనరు కూడా మంచివాడే. పండక్కి బట్టలు పెట్టేవాడు. ఇంటికెళ్తే కాఫీ ఇప్పించేవాడు. నాకు వోచరు మీద ఒక అంకె, చేతికి ఇంకో అంకె. ప్రావిడెంట్ ఫండ్ అనే మాట రిటైరయ్యాక విన్నాను. పేరు చెప్పను, పోయిన మనిషి. ఆయన మీద సినిమా తీస్తే అందులో ఆయన మాక్సే. అందరూ నవ్వుకుంటూ ఇంటికెళ్తారు. నేను మాత్రం ఎవర్ని?

వసుధ: నువ్వు విగ్గు పెట్టుకున్న కుర్రాడివి.

బాబాయ్: అదీ. ఆ కుర్రాళ్ళు విగ్గులు వద్దని గోల చేస్తారు చూడు, అక్కడ నాకు ప్రాణం లేచొచ్చింది. జీతం గురించి నోరెత్తని వాళ్ళు విగ్గు దగ్గర ఎదురు తిరిగారు. అది నిజం. మనుషులు అక్కడే ఎదురు తిరుగుతారు. మర్యాద పోయేచోట. డైరెక్టర్లకు ఆ సంగతి తెలుసు. తెలిసీ ఇన్‌స్పెక్టర్ని మాత్రం దెయ్యంలా చూపించారు.

(ఈ మాటకు వసుధ దగ్గర సరైన జవాబు లేదు. నా దగ్గరా లేదు. చాలా హాస్య చిత్రాల్లో నవ్వు ఎవరి పక్షాన పుడుతోందని మనం అడగం. బాబాయ్ అడిగాడు. జీవితమంతా వోచరుకు ఇటువైపున కూర్చున్నవాడు కాబట్టి అడిగాడు.)

వసుధ: సరే, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ మాక్స్ చేసిన తిండి మాయ చూశావు కదా. ఎవడో ప్లగ్గు పీకేస్తే చల్లటి వ్యానులో మాంసమంతా పాడైపోయింది. అంతమంది అతిథులు. వేరేచోటి నుంచి భోజనం వచ్చేదాకా ఏం చెయ్యాలి? ఉప్పటి పఫ్‌లు తినిపించి, పైన సోడా నీళ్ళు తాగించి కడుపులు ఉబ్బరించేలా చేశాడు. అది యజమాని తెలివి కాదు, వంటవాడి తెలివి. ఆ సీన్లో ఆయన పక్షాన ఉండటానికి నాకు సిగ్గులేదు.

బాబాయ్: అది మన గోదావరి జిల్లా వంటవాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య. పులిహోర ముందు దించుతారెందుకనుకున్నావు?

వసుధ: చివర్లో సంగీతం మాట చెప్పు. బాణసంచా వేళకు ముందే పేలిపోయింది, కరెంటు పోయింది. మాక్స్ అందర్నీ తిట్టేసి, ఈ వ్యాపారమే వద్దని వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేసరికి కొవ్వొత్తుల వెలుగులో వంటింటి వెనకాల గిన్నెలు కడిగేవాళ్ళు వాయిస్తున్నారు, అతిథులు ఆడుతున్నారు. మన మొహాలే బాబాయ్ వాళ్ళవి. టైటిల్స్‌లో చూశాను, తమిళ పేర్లు. పారిస్ హోటళ్ళ వంటిళ్ళలో శ్రీలంక తమిళులు ఎంతమందో! రెండు గంటలు తెర వెనక ఉన్నవాళ్ళు చివరికి ముందుకొచ్చారు. నాకు గొంతు పట్టేసింది.

బాబాయ్: నాకు అక్కడే అనుమానమొచ్చింది. గిన్నెలు కడిగేవాడు వాయించాలి, కోట్లున్నవాడు ఆడాలి. ముందుకొచ్చి ఏం చేశాడు? మళ్ళీ వాళ్ళకే సేవ చేశాడు. తెల్లారితే అదే గిన్నెలు. పాట అయ్యాక వాడికి ఆ రాత్రి ఓటీ ఎంత ఇచ్చారో ఒక్క ముక్క చెప్పలేదు.

వసుధ: ఒక్క రాత్రి సంతోషంగా ఉండకూడదా వాళ్ళు?

బాబాయ్: ఉండొచ్చు. ఆ వాయించినవాడి మొహం మీద సంతోషం నిజం, నేను చూశాను. సినిమా దాన్ని వాడుకున్న తీరే నాకు నచ్చలేదు. రెండూ ఒకేసారి అనొచ్చు కదా?

వసుధ: అనొచ్చు. అన్నావు. అయితే నీకు కావలసింది వాళ్ళ దగ్గరే ఉంది బాబాయ్. జాఁ రెన్వార్ తీసిన 'ల రెగ్ల్ ద్యు జ్యూ'. 1939. అదీ కోట లాంటి బంగళాయే, అదీ అతిథులే, పైన దొరలు, కింద నౌకర్లు, పైనా కిందా ఒకటే రకం రంకులు, తగువులు. నవ్విస్తూ నవ్విస్తూ తుపాకీ పేలుస్తాడు. ఎవర్నీ విలన్ని చెయ్యడు, ఎవర్నీ వదిలిపెట్టడు. పారిస్ జనానికి మండిపోయింది. యుద్ధం మొదలైన ఆ ఏడాదే, జనం నీరుగారిపోతారని సర్కారు నిషేధించింది. 1959లో గానీ ముక్కలన్నీ అతికించి పూర్తి సినిమా చూపించలేకపోయారు.

బాబాయ్: అంటే ఫ్లాపు.

వసుధ: ఘోరమైన ఫ్లాపు.

బాబాయ్: హీరో?

వసుధ: లేడు.

బాబాయ్: చూశావా? నేను మొదట్నించీ చెబుతున్నదే.

వసుధ: ఇప్పుడది ప్రపంచంలో గొప్ప సినిమాల జాబితా ఎవరు రాసినా అందులో ఉంటుంది.

బాబాయ్: జాబితాలో ఉండటానికి బయ్యరు ఇరవై ఏళ్ళు ఆగాలన్నమాట. అయినా ఆ తుపాకీ సంగతి చూడాలనుంది. నీ మెంబర్‌షిప్ మీద నాకు టికెట్టు తగ్గిస్తారా?

(తగ్గిస్తారు. ఆయన అంతటితో ఒప్పుకున్నట్టు కాదు. పడుకోబోయే ముందు కూడా, పాట పాడిన జేమ్స్‌ను హీరోగా పెట్టి, అదేల్‌తో ప్రేమ కథ ముందుకు తెస్తే ఉభయగోదావరుల్లో యాభై రోజులు ఆడేదని లెక్క చెప్పాడు. వాళ్ళిద్దరి పోట్లాట ఎటు తిరుగుతుందో చూసినవాళ్ళకు ఆయన లెక్క పూర్తిగా తప్పనిపించదు. తొలెదానో, నకాష్‌లకు అమ్మే విద్య రాదని కూడా కాదు. వాళ్ళ 'ద ఇన్‌టచబుల్స్'కు ఒక్క ఫ్రాన్స్‌లోనే 1.9 కోట్లకు పైగా టికెట్లు తెగాయి. అక్కడ ఇద్దరు హీరోలున్నారు. ఈసారి కూడా ఇద్దర్ని పెట్టి ఇంకొకటి తీసి బాగుపడి ఉండొచ్చు. అలా కాకుండా ఇరవైమంది పనివాళ్ళతో ఈ సినిమా తీశారు. జీతాల దగ్గర వాళ్ళ ధైర్యం సన్నగిల్లిందన్న బాబాయ్ మాటతో నేను ఏకీభవిస్తాను. అయినా తెలుగులో ఇలాంటి పెళ్ళి సినిమా ఒకటి, వంటవాళ్ళ వైపు నుంచి, మన దర్శకులెవరైనా తియ్యాలని నా కోరిక. పెళ్ళిళ్ళ మీద మనకున్నన్ని సినిమాలు ఎవరికీ ఉండవు. వాటిల్లో వడ్డించేవాడి పేరు ఎక్కడైనా వినబడిందా?)

చూడదలచుకున్నవాళ్ళకు: నిడివి గంటా 57 నిమిషాలు. మీకు దగ్గర్లో ఇలాంటి చిన్న హాలుంటే, అక్కడ వేసినప్పుడే వెళ్ళండి, నలుగురి మధ్య కూర్చునే చూడండి. ఇంటర్వెల్ ఇవ్వరు. భోంచేసి వెళ్ళండి, ఆ పెళ్ళిలో తిండి చాలా ఆలస్యం.